అత్తగారి అడవిలో రెండు బనీన్లు

పాతిపెట్టబోయే బనీనుకు ఇస్త్రీ అక్కర్లేదని పెద్దల్లుడికి ఎవరూ చెప్పలేదు. మడత నలగకుండా రెండు చేతుల మీదా పెట్టుకుని, పెళ్ళికొడుకు బట్టలు మోసుకొచ్చినట్టు అడవిలోకి తెచ్చాడు.

ఊరి చివర ఉన్న ఆ చిన్న అడవి అత్తగారికి ఆవిడ తండ్రి నుంచి వచ్చింది. ఆవిడ జీవశాస్త్రం టీచరుగా రిటైరయ్యారు గానీ, ఆ ఉత్తర్వు అల్లుళ్ళ దగ్గర ఇంకా అమల్లోకి రాలేదు.

అడవిలో సగం పాతకాలపు పద్ధతిలో నడుస్తోంది. ఏటా ఒక వరస చెట్లను మొదలుదాకా నరుకుతారు. మోళ్ళ నుంచి కొత్త కొమ్మలు లేస్తాయి. అవి చేతికొచ్చేసరికి మళ్ళీ ఆ వరస వంతు వస్తుంది. ఆ కర్రతోనే పెద్దల్లుడు పారలకూ గొడ్డళ్ళకూ పిడులు చేసుకుని బతుకుతున్నాడు. మిగతా సగాన్ని చాలాకాలంగా ఎవరూ ముట్టుకోలేదు.

ముట్టుకోకూడదు కూడా అంటాడు చిన్నల్లుడు. అతనిది టౌన్లో ఇన్సూరెన్స్ ఉద్యోగం.

"నరికితే ఎండ పడి మట్టిలో సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి అత్తయ్యా. అడవి మొత్తం నాకప్పగించండి, కత్తి తగలనివ్వను" అన్నాడు భోజనాల దగ్గర. పక్కనే అతని భార్య గర్వంగా తల ఊపింది. పుట్టింటికి వచ్చి ఉండిపోవాలని ఆమెకు ఎప్పటి నుంచో కోరిక.

పెద్దల్లుడు ముద్ద కంచంలోనే వదిలేశాడు. "చెట్టు మోడైనా వేరు బతికే ఉంటుంది కదా తమ్ముడూ. ఆ వేళ్ళను అంటిపెట్టుకుని అవీ బతుకుతాయి" అన్నాడు మెల్లగా.

"నోళ్ళతో తేలే సంగతి కాదు" అన్నారు అత్తగారు. "చెరో సగంలో చెరో నూలు బనీను పాతండి. మట్టిలో జీవం ఉంటే బట్టను తినేస్తుంది. రెండు నెలలాగి తవ్వుదాం. ఎవరి బనీను ఎక్కువ శిథిలమైతే అడవి వాళ్ళది. గెలిచినవాళ్ళు ఈ ఇంట్లోనే ఉండి, నేను చెప్పినట్టు చూసుకోవాలి."

పెద్దల్లుడు మోళ్ళ మధ్య పాతాడు. చిన్నల్లుడు చీకటి చెట్ల కింద పాతాడు.

ఆ రోజు నుంచి పెద్దల్లుడికి కంటి మీద కునుకు లేదు. అడవి పోతే కర్ర లేదు, కర్ర లేకపోతే పిడి లేదు. చివరికి బుద్ధి గడ్డి తింది. ఒక మధ్యాహ్నం చెంబుడు పంచదార నీళ్ళు పట్టుకెళ్ళి బనీను పాతిన చోట ఒంపేశాడు, సూక్ష్మజీవులకు కాస్త హుషారుగా ఉంటుందని.

వాటి మాటేమో గానీ చీమలొచ్చాయి. మర్నాటికి బారులు తీరాయి. వాటిని తువ్వాలుతో తోలుతుండగా వెనకాలే చిన్నల్లుడు వచ్చి నిలబడ్డాడు. చీమల్ని చూశాడు. జిగురుజిగురుగా ఉన్న మట్టిని చూశాడు. పెద్దల్లుడు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"మీ వైపు జీవం బాగానే ఉన్నట్టుంది అన్నయ్యా" అని మాత్రం అని, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ వెటకారం పెద్దల్లుణ్ణి చాలా రోజులు ముల్లులా పొడిచింది.

తవ్వే రోజు వచ్చింది. మోళ్ళ మధ్య పార సులువుగా దిగింది. మట్టి నల్లగా, గుల్లగా ఉంది, నిండా తెల్లటి దారాల్లాంటి బూజు. బనీను బదులు మెడపట్టీ, రెండు కుట్లు బయటికొచ్చాయి.

"పైన ఎండ, కింద బతికున్న వేరు. ఇంక వీటికేం తక్కువ?" అన్నారు అత్తగారు, బోర్డు మీద రాస్తున్నట్టు వేలు ఆడిస్తూ.

చీకటి చెట్ల కింద ఎండుటాకులు చాపలా పేరుకుని ఉన్నాయి. చిన్నల్లుడి బనీను బురదతో, ఒక్క చిల్లు కూడా లేకుండా పైకొచ్చింది. అత్తగారు కర్రతో ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఫెయిల్" అన్నారు.

చిన్నల్లుడు తల దించుకున్నాడు. అతని భార్య కొంగుతో కళ్ళొత్తుకుంది. "నా కోసం ఎంత పోట్లాడారండీ" అంది.

"ఏం చేస్తాం, మన రాత" అన్నాడతను.

గెలిచిన పెద్దల్లుడికి ఆ మాట భరించరానిదైంది. అత్తగారు అప్పుడే రేపటి పనులు పురమాయిస్తున్నారు గానీ ఒక్కటీ చెవికెక్కలేదు. చెంబు, చీమలు, కళ్ళ ముందు అవే. నిజం చెప్పేసి కాళ్ళు పట్టుకుందామని చిన్నల్లుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. అతను ఇంటి వెనక కుళాయి కింద బనీను ఉతుక్కుంటున్నాడు.

"తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు. "ఈ పందెంలో మోసం జరిగింది."

చిన్నల్లుడు గబుక్కున తడిచేత్తో అతని నోరు మూసి, చుట్టూ చూసి, చెవి దగ్గర బతిమాలాడు: "మెల్లగా అన్నయ్యా, నాది నైలాన్ బనీనని మీ మరదలికి తెలిసిందంటే, జీవితాంతం అత్తయ్య దగ్గర నేనుండాల్సొస్తుంది."