జీతగాడి పక్కన

"ఏ లచ్చయ్య? మా గడిల జీతమున్న లచ్చయ్యనా?"

అనంత్ రావు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎగిరిపడ్డాడు. జగిత్యాల దీక్షా శిబిరంలో ఆయనది ముందు వరుస. సకల జనుల సమ్మె మొదలైన నాటి నుంచి ఆ కుర్చీ ఆయనదే. పొరపాటున ఇంకెవరైనా కూర్చుంటే పక్కనే నిలబడి, వాళ్లు లేచేదాకా దగ్గుతాడు. అరవై తొమ్మిది ఉద్యమంలో జైలుకు పోయిన మనిషి మరి. గౌరవం ఎవరూ ఇవ్వకపోతే తానే అడిగి తీసుకునేవాడు.

ఎదురుగా నిలబడ్డ ప్రవళిక తడబడింది. డిగ్రీ చదివే పిల్ల. స్థానిక చరిత్రలో పేరున్న ఒక మనిషి మీద ప్రాజెక్టు చేయమని యాదగిరి సారు చెప్పారు. సారంగాపూర్ వైపు తిరిగితే రెండు పేర్లు దొరికాయి: అనంత్ రావు, లచ్చయ్య. ఒకటే ఉండాలి. ఆ పేరు సాయంత్రం ఇదే వేదిక మీద చదివి, ఆ మనిషికో ఇంటివాళ్లకో శాలువా కప్పుతారు. శాలువాను అనంత్ రావు పొద్దున్నే చూసి వచ్చాడు. రంగు కూడా నచ్చింది.

"ఏం యాదగిరీ! నా పక్కన నా జీతగాని పేరా? పిల్లలకు గిదేనా నువ్వు చెప్పే చదువు?"

"పిల్లలు ఊర్లు తిరిగి తెచ్చిన పేర్లు దొరా," అన్నారు యాదగిరి సారు. లెక్చరరైనా పాత అలవాటు నోటిని వదల్లేదు. "ఇద్దర్ల ఎవలన్నది మిమ్ములనే అడుగుదమని..."

"లచ్చయ్య తాత చేసిన పని చిన్నది కాదు సార్," అంది ప్రవళిక.

"వాడేం చేసిండో నువ్వు చెప్తవా నాకు?"

అనంత్ రావుకు ఒళ్లు మండింది. అంటే సంగతి బయటపడ్డదన్నమాట. వాడలో ఏ ముసలిదో వాగి ఉంటుంది. ఆ అలగా మంద మాటలు పట్టుకుని, ఈ నిన్నమొన్నటి పిల్ల తన శాలువాను ఎప్పుడో చచ్చినవాడి మీద కప్పుతుందా? ఇక్కడే, నలుగురి ముందే తేల్చెయ్యాలి.

ఆయన లేచి నిలబడ్డాడు. నినాదాలిస్తున్న వాళ్లు ఆగి ఇటు చూశారు.

"వారంటు ఎవని పేరు మీద అచ్చింది? నా పేరు మీద. జైల్ల ఎక్కిన పేరెవనిది? నాది! నా ధోతి కట్టిచ్చి, నా అంగి తొడిగిచ్చి, నేనే అనంత్ రావునని చెప్పుమన్న. చెప్పిండు. వెట్టికి పొమ్మంటె పోడా? గట్లనే జైలుకు పోయిండు. వానికి తెలంగాణ అంటె ఏందో గూడ తెల్వదు. నా పొలం వాడు దున్నితె పంట వానిదైతదా? గిదీ అంతే. కూసున్నది వాడైనా జైలు నాదే!"

యాదగిరి సారు తెరిచిన నోరు మూయడం మరిచిపోయారు. అనంత్ రావు తృప్తిగా కండువా సర్దుకున్నాడు. చదువుకున్న వాళ్లకైనా ఇలా విడమరచి చెబితే గానీ బుర్రకెక్కదు.

"ఇప్పుడు చెప్పు పిల్లా, ఎవని పేరు రాస్తవ్?"

ప్రవళిక ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"మీ బాయిల నీళ్లు తోడనియ్యకుంటె లచ్చయ్య తాత వాడకు బాయి తవ్విండనే రాసుకున్నం సార్. జైలుకు పోయింది మాత్రం మీరే అనుకున్నం."