వదులు దారాలు

"ఏం కనిపిస్తోంది, నిహాల్?"

ప్రొఫెసర్ వగ్దీ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. గుడ్డ చాటునుంచి వస్తున్నా ఆయన గొంతు ఆపరేషన్ గదంతా మోగుతోంది.

డాక్టర్ నిహాల్ మైక్రోస్కోప్‌లోంచి కళ్లు ఎత్తలేదు. శుక్లాలు తీయడంలో మన్సూరాలో ఆమెది పేరున్న చెయ్యి. ఈ గొంతు వింటే మాత్రం ఆ చేతికి చెమట పడుతుంది. తొమ్మిదేళ్ల కిందట పరీక్షలో, "నువ్వు ఇంటికెళ్లి ములూఖియా ఆకు తరుక్కో అమ్మాయ్" అని ఆమెను ఫెయిల్ చేసింది ఈ గొంతే.

"కంటిపాప సరిగ్గా విప్పారలేదు సార్. అంచున తెల్లటి పొట్టు ఉంది."

"ఉంటే?"

"లెన్స్‌ని పట్టి ఉంచే దారాలు వదులై ఉండొచ్చు."

"ఉండొచ్చా, ఉన్నాయా? ఇదేమన్నా చేపల బజారులో బేరమా?"

నర్సు సబ్రీన్ మాస్కు లోపల నవ్వుకుంది.

నిహాల్ సూదిమొనతో లెన్స్ పై పొరను తాకింది. పొర తెగలేదు, ముడతలు పడింది. లెన్స్ మొత్తం పక్కకు జరిగింది. ఆ కాసిని దారాలూ తెగితే లెన్స్ కంటి అడుక్కి జారిపోతుంది.

"ఉన్నాయి సార్. బాగా వదులు."

"ఈ పేషెంటుకి రెండో కన్ను ఎప్పుడో పోయింది. గుర్తుందిగా?"

"ఉంది సార్."

"మొండి గాడిద! రెండేళ్లు మసకలో తడుముకుంటూ తిరిగాడు గానీ ఒక్కరికీ చూపించుకోలేదు."

"పేషెంట్లను తిట్టకూడదని మీరేగా నేర్పారు?"

"వీణ్ణి తిట్టొచ్చు."

"సబ్రీన్, రింగు ఇవ్వు" అంది నిహాల్.

పొరను గుండ్రంగా, తొందరపడకుండా చీల్చింది. లెన్స్‌ని కప్పి ఉండే ఆ వదులైన పొర సంచిని లోపలినుంచి ఆనుకుని నిలబెట్టేలా రింగును దూర్చింది. తర్వాత శుక్లాన్ని ముక్కలు చేయడం మొదలుపెట్టింది.

"మిషన్ కూత మారింది" అంది ఆ గొంతు. "నీళ్ల సీసా కిందికి దించు."

"మీరు చెప్పకముందే దించాను. సార్, దయచేసి కాసేపు నోరు మూసుకోండి."

సబ్రీన్ చేతిలోని పళ్లెం గలగలమంది. వగ్దీని ఆ మాట అన్నవాళ్లు మన్సూరాలో ఇంతవరకూ లేరు.

ఆయన నిజంగానే మూసుకున్నారు.

పావుగంట గడిచింది. ఆఖరి ముక్క బయటికొచ్చింది. కొత్త లెన్స్ లోపలికెళ్లి మెల్లగా విచ్చుకుంది. నడిమధ్యన నిలిచింది. కదల్లేదు.

నిహాల్ గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇప్పుడైనా పాసయ్యానా సార్?"

"రేపు చెబుతా, ఇన్షా అల్లా."

"ఎందుకూ, ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"కట్టు విప్పితేగా నాకు కనిపించేది!" అన్నారు, ఆపరేషన్ బల్ల మీద వెల్లకిలా పడుకున్న ప్రొఫెసర్ వగ్దీ.