నీలితల మేకులు

మూడో ఆవు కూడా కాళ్లు మడిచి కూలబడింది. వీపు వంచి, పళ్లు కొరుకుతూ మూలుగుతోంది. అడేలా దాని మెడ పట్టుకుని నేలమీదే కూర్చుండిపోయింది. భర్త ఒట్టో లిండెమన్ బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. కొడుకు వెర్లిన్ పశువుల డాక్టర్ కోసం ట్రక్కేసుకుని పరుగెత్తాడు.

పోతున్నది పాలు మాత్రమే అయితే ఆమె అంత వణికేది కాదు. యుద్ధం మొదలయ్యాక అమెరికాలోని విస్కాన్సిన్‌లో పాడి ఎక్కువున్న ఇంట్లో, పనికి ఉన్న ఒక్క కొడుకునీ సైన్యంలోకి పిలవడం లేదు. పాడి తగ్గిందంటే పిలుపు వస్తుంది. వెర్లిన్‌కీ తుపాకులకీ మధ్య ఉన్నవి ఆ ఆవులే.

డాక్టర్ వచ్చేసరికి ఆవు చచ్చిపోయింది. ఆయన దాని పొట్ట కోసి, దొరికినవి అరచేతిలో పెట్టి చూపించాడు. నీలం తలల చిన్న మేకులు.

"పొరపాటున ఇన్ని పడవు. ఎవరో దాణాలో కలిపారు."

అడేలా వాటిని గుర్తుపట్టింది. ఆ మేకులు కొన్నది తనే. రెండేళ్ల కిందట 'పరాయి యుద్ధం మనకొద్దు' అన్న అట్టలు వాటితోనే జిల్లా అంతా ఇళ్ల గోడలకు కొట్టింది. పక్క పొలం ఇంగా టోలెఫ్సన్ అట్ట పట్టుకునేది, తను సుత్తి వేసేది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ కాఫీ పోసి కూర్చోబెట్టేవారు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడి అమెరికా కూడా యుద్ధంలో దిగాక ఆ ఇళ్లవాళ్లే ఆ అట్టలు పీకి పొయ్యిలో పెట్టారు. మిగిలిన మేకుల డబ్బా ఇంగా ఇంట్లో ఉండిపోయింది.

తర్వాత ఇంగా కొడుకు ఓడతోపాటు మునిగిపోయాడు. సైన్యానికి కొడుకునిచ్చిన ఇంటి కిటికీలో వేలాడే నీలి నక్షత్రం తీసి, ఆమె కొడుకుని పోగొట్టుకున్న ఇంటికుండే బంగారు నక్షత్రం కట్టింది. ఆ వారమే లిండెమన్ల గేటుకు ఎవరో పసుపు రంగు పూశారు. పిరికివాళ్లకు పూసే రంగు అది.

"పోయిన యుద్ధంలో మా నాన్న గేటుకీ ఇదే పూశారు, జర్మన్ పేరున్నందుకు," అన్నాడు ఒట్టో, రంగు గీకుతూ. గేటు గీకిన ఆ రోజునుంచీ అతను టౌన్లో మంగలి షాపుకు వెళ్లడం మానేసి, గడ్డం ఇంట్లోనే గీసుకునేవాడు.

"ఈ మేకులు ఇంగా పనే. తన కొడుకు పోయాడు, నా కొడుకు ఉండకూడదు," అంది అడేలా, డాక్టర్ వెళ్లిపోయాక.

"చూడకుండా అనకు," అన్నాడు ఒట్టో.

ఆమె అననే అంది, ఆదివారం చర్చి మెట్లమీద, అందరూ వింటుండగా. ఇంగా గ్లవ్స్ తొడుక్కుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆవులు పడుతూనే ఉన్నాయి. సైన్యానికి ఎవర్ని పంపాలో తేల్చే ఊరి పెద్దమనుషులు వెర్లిన్‌ను పిలిచారు. చెవి సరిగ్గా వినపడదని చెప్పమని తల్లి బతిమాలింది. వాడు నవ్వేశాడు.

"ఇక సినిమాకెళ్తే నా పక్క సీట్లో కూడా ఎవరైనా కూర్చుంటారులే, అమ్మా."

నిన్నటిదాకా వాణ్ని పాలపీక అన్న కుర్రాళ్లే స్టేషన్లో భుజాలకెత్తుకున్నారు. ఒట్టో టౌన్లో నున్నగా గడ్డం గీయించుకుని వచ్చాడు. మంగలి ఊరికే చేశాడట. రైలు కదిలాక అతను అందరికంటే ఎక్కువగా ఏడ్చాడు.

చలికాలం మొదట్లో వెర్లిన్ ఇటలీలో చనిపోయాడని కబురొచ్చింది.

ఒట్టో కిటికీకి బంగారు నక్షత్రం కొడుతుండగా ఇంగా వేడి బంగాళాదుంప రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది. అడేలా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు సమానమయ్యాం కదా. సంతోషమేనా?"

"ఆ డబ్బా నా దగ్గర లేదు, అడేలా. యుద్ధానికని తుక్కు ఇనుము పోగుచేస్తున్నప్పుడు మీ ఇంట్లోంచే వచ్చి పట్టుకెళ్లారు."

"మరి చర్చి దగ్గర ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీ ఇల్లు ఏమయ్యేది?"

అడేలాకు సినిమాలో వెర్లిన్ పక్కన ఖాళీగా ఉండే సీటు గుర్తొచ్చింది. 

"వెళ్లాలని వాడే చేసుకున్నాడా? నా వెర్లినేనా?"

"పోయిన పిల్లాడి మీద వెయ్యకు," అంది ఇంగా.

లోపల సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"పట్టుకెళ్లింది ఒట్టో."