ఉమ్మ్ షౌఖీ పాస్‌వర్డ్

ఈజిప్టులోని దమన్‌హూర్ బజారులో ఊరగాయల కొట్టు గోడ మీద అతికించిన కాగితం చూడగానే వజ్దీ కళ్ళు మెరిశాయి.

"ఉమ్మ్ షౌఖీ పెళ్ళి సంబంధాల పేజీ. పాస్‌వర్డ్ 123456."

చుట్టుపక్కల ఊళ్ళలో ఫోన్లో ఆ పేజీ చూడని తల్లి లేదు. వజ్దీ ఫోన్లు బాగుచేస్తాడు. ఆ పేజీ చేతికొస్తే తన దుకాణం పేరు ఊరంతా మోగిపోతుంది.

"అలా గోడకెక్కిస్తే దొంగలు పడరూ, హాజ్జా?" అన్నాడు కొట్టు పెద్దావిడతో నంగనాచిలా.

"పడనీ నాయనా. పొడుగాటి పాస్‌వర్డులు నాకు గుర్తుండి చావవు," అంటూ ఆవిడ ఊరేసిన నిమ్మకాయలు కట్టిచ్చింది.

వీధి మలుపు తిరిగేలోగా వజ్దీ పని కానిచ్చాడు. అంకెలు, చుక్కలు, వంకర గీతలు కలిపి, జిన్నుకి కూడా అంతుపట్టని ఇరవై అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. కోడ్ తనకే రావాలని సొంత ఫోన్ నంబరు కలిపాడు. ఆ నంబరు పేజీ మీద అందరికీ కనిపిస్తుందని మాత్రం చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"ఉమ్మ్ షౌఖీ ఉందా? మావాడికి చూపించిన పిల్ల గురక పెడుతుందట! ముందే చెప్పొద్దూ?"

"నేను... ఆవిడ మేనల్లుణ్ణండీ."

"అయితే నువ్వే చెప్పి చావు!"

మూడు రోజుల్లో రెండొందల మంది తల్లులు. ఫోన్ కట్టేస్తే, బోర్డు మీద అదే నంబరు చూసి దుకాణానికే వచ్చారు. సంబంధం చెడిన ఒకావిడ, ఇంకో పిల్లని చూపిస్తేగానీ లేవనని బల్లెక్కి కూర్చుంది. మరొకావిడ వజ్దీ గడ్డం పట్టి అటూ ఇటూ తిప్పి, "పళ్ళు గట్టివేనా? మా ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంది," అంది.

నాలుగోనాడు వజ్దీ దుకాణం మూసి ఊరగాయల కొట్టుకి పరుగెత్తాడు. ఇరవై అక్షరాలూ రాసిన చీటీ పెద్దావిడ ముందు పెట్టాడు.

"తప్పయిపోయింది, ఉమ్మ్ షౌఖీ! నీ పేజీ దొంగిలించింది నేనే. పోలీసులకి పట్టించు, తన్నించు, ఏమైనా చెయ్యి. ఇది మాత్రం వెనక్కి తీసుకో తల్లీ!"

పెద్దావిడ చటుక్కున రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"ఉమ్మ్ షౌఖీని నేను కాదు నాయనా, నాలుగేళ్ళ క్రితం ఆవిడ దగ్గర ఆ పేజీ కొట్టేసిన దొంగని."