పొత్తికడుపు కబురు

మస్తాన్‌బీ పదకొండేళ్ళుగా మాచర్ల బస్సు నడుపుతోంది. డ్యూటీకెక్కే ఆడవాళ్ళందరిలాగే పొత్తికడుపు మీద బిళ్ళ అంటించుకునేది. మూత్రాశయం నిండినప్పుడు దాని లోపలి పొర నరాలకు పంపే రసాయనపు కబురును ఆ బిళ్ళ నొక్కిపెట్టేది. దిగేదాకా ఒంటికి రాదు. అందుకే దారిలో ఆడ సిబ్బంది మరుగుదొడ్లన్నీ ఎప్పుడో తీసేశారు.

కండక్టరు రాహేలు ఆమెకు చెల్లెలి లాంటిది. ఒకరోజు టికెట్లు కొడుతూనే చలిజ్వరంతో కూలబడిపోయింది. మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకు పాకిందన్నాడు డాక్టరు.

“ఇన్నాళ్ళూ మంట పుట్టలేదామ్మా?”

“ఏమీ తెలీలేదు సార్,” అంది రాహేలు. బిళ్ళ ఆ మంటనూ దాచేసింది. మూడో రోజున రాహేలు పోయింది.

మట్టి చేసిన మర్నాడు మస్తాన్‌బీ బిళ్ళ లేకుండానే బస్సెక్కింది. కారంపూడి దాటాక పొత్తికడుపు బరువెక్కి, పోటు మొదలైంది. తుమ్మచెట్ల దగ్గర బస్సాపేసింది.

“ఏమైందమ్మా?” అనడిగింది ముందు సీట్లో ముసలావిడ.

“ఒంటికొస్తోంది పెద్దమ్మా.”

చెట్ల చాటున కూచుని వెక్కివెక్కి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని వచ్చి, స్టీరింగు పట్టుకుని, అలవాటుగా, “రైట్ చెప్పవే రాహేలూ,” అంది.

కొత్త కండక్టరు తలొంచుకుని, “రైట్, అక్కా,” అంది.