అంకెల సవతి

ఆ సంఖ్య మాటెత్తితేనే కొరిన్‌కు గిట్టదు.

రెండువందల పదకొండు అంకెలు. చివర ఏడు. యూనివర్సిటీలో లెక్కలు చెప్పే మొగుడు లోవెల్ పెళ్ళైన ఏడాదే దాన్ని పట్టుకున్నాడు. పన్నెండేళ్ళయినా వదల్లేదు. అది ప్రధాన సంఖ్య కాదని ఎప్పుడో తేలిపోయింది. అంటే ఏవో రెండు సంఖ్యల్ని హెచ్చవేస్తే వచ్చిందే. ఆ రెండూ దొరికితే అది విడిపోయినట్టు. అవి ఏవో ఆ బ్రహ్మకే తెలియాలి.

"అది విడిపోయిన మర్నాడే నిన్ను సముద్రం చూడ్డానికి తీసుకెళ్తా" అని లోవెల్ మాటిచ్చాడు. సముద్రానికి ఎంతో దూరాన, కెనడాలోని విన్నిపెగ్ మంచులో కూర్చుని కొరిన్ ఆ మాట మీదే బతుకుతోంది.

కొత్తలో ముచ్చటపడి లెక్కలవాళ్ళ భాష కూడా నేర్చుకుంది. అది లోప సంఖ్య. దాన్ని భాగించే చిన్న సంఖ్యలన్నీ కలిపినా దాని ఎత్తుకు రావు. పైగా, కంప్యూటర్లలోలా సున్నాలతో, ఒకట్లతో మాత్రమే రాస్తే అందులో ఒకట్లు బేసి సంఖ్యలో వస్తాయి. అలాంటిదాన్ని 'అసహ్య సంఖ్య' అంటారు. ఆ పేరు పెట్టినవాడి నోట్లో చక్కెర పొయ్య, అనుకుంది కొరిన్.

ఆ జూన్ ఆదివారం ఆమె డిపార్ట్‌మెంట్ పిక్నిక్ కోసం రూబార్బ్ అనే పుల్లటి కాడలు పెట్టి 'పై' అనే తీపి వంటకం చేస్తోంది. పక్కగదిలో లోవెల్, తన స్నేహితుడు డ్వైట్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"పన్నెండేళ్ళురా! అన్నీ లోపాలే. తలుచుకుంటేనే అసహ్యం పుడుతోంది. ఎటునుంచి కదిపినా చివరికి ఏడుపే."

కొరిన్ నవ్వుకుంది. చివర ఉన్నది ఏడే కదా మరి.

"దానంతటదే విడిపోతుందనుకున్నా. జిడ్డు! చచ్చినా విడిపోదు. ఇక లాభం లేదు, బయటివాళ్ళ సాయం తీసుకుంటా. ఖర్చయితే అవనీ."

పాపం, ఎంత నలిగిపోతున్నాడో! ఇంటిపట్టున ఉండకపోవడం, ఉన్నా పలక్కపోవడం, పక్కన కూర్చుంటే లేచి వెళ్ళిపోవడం, అన్నీ ఆ దరిద్రపుగొట్టు సంఖ్య వల్లే. దీనికంటే సవతి నయం. పట్టుకోవడానికి జుట్టయినా ఉంటుంది.

పిక్నిక్‌లో లోవెల్ దూరంగా డ్వైట్ బల్ల దగ్గర చేరాడు. కొరిన్ తను చేసిన 'పై'లోంచి ఓ ముక్క కోసి, డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా పెద్దాయన ప్రొఫెసర్ హాస్కెల్‌కు ఇచ్చింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"మీరైనా ఓ చెయ్యి వెయ్యకూడదా సార్? ఆ మాయదారి సంఖ్య మా ఆయన్ని పీల్చి పిప్పి చేస్తోంది. పొద్దున కూడా ఫోన్లో దాన్నే తిట్టుకుంటున్నాడు. ఎంతకీ విడిపోదట."

నోటిదాకా వెళ్ళిన హాస్కెల్ చెంచా ఆగిపోయింది.

"ఆ సంఖ్యా? అది పోయిన క్రిస్మస్‌కు ముందే విడిపోయింది కదమ్మా, లోవెల్ మా అందరికీ కేకు కూడా కోశాడు!"