నంబరు లేని బాబాయి

పరుగుకు ముందురోజు ఆమె చేయాల్సిన పనులు: పెళ్లికొడుకు కోటుకు గుండీలు కుట్టి ఇవ్వాలి. బూట్లు ఒరుసుకునే చోట రాసుకోవడానికి వాజలిన్ కొనాలి. ఖర్జూరాలు పొట్లం కట్టుకోవాలి. సాయంత్రం సమావేశానికి వెళ్లి నిబంధనలు విని, నంబరు తెచ్చుకోవాలి. ఎనిమిదింటికల్లా పడుకోవాలి.

గుండీలే సాయంత్రమంతా మింగేశాయి. నంబరు తేవడానికి భర్త వెళ్లాడు.

“ఏం చెప్పారు?”

“ఏదో మైకులో చెప్పారు. నేను బాగా వెనక నిలబడ్డాను. దారిలో మంచినీళ్లిస్తారట, అదొక్కటే వినపడింది.”

ఆమె దర్జీ. పది నెలలుగా, కొట్టు తెరిచేలోపు బజారు వీధి చుట్టూ పరిగెత్తుతోంది.

మొదట్లో పాలవాడు అడిగాడు. “ఎవరు తరుముతున్నారక్కా?”

“తరిమేవాళ్లుంటే ఇంకా జోరుగా పోయేదాన్ని.”

మొదటి రెండు కిలోమీటర్లు మోకాళ్లు సణుగుతాయి. తర్వాత నూనె వేసిన మిషన్‌లా కాళ్లు దారికొస్తాయి. అప్పుడు ఎవరి నడుము కొలతా గుర్తుండదు. ఎందుకో తెలియకుండానే నవ్వొస్తుంది.

అసలు పరుగు నలభై రెండు కిలోమీటర్లు. గడువు ఆరున్నర గంటలు. ఆలోపు గీత దాటితేనే పతకం.

“మధ్యలో ఆపేసినా ఎవరూ ఏమనుకోర్లే,” అన్నాడు భర్త పొద్దున, మంచి మనసుతోనే.

అదే గుచ్చుకుంది. చేతికి తీసుకున్న బట్టను సగం కుట్టి వదిలేసిన రోజు ఇరవై రెండేళ్లలో లేదు.

ముప్పయ్యో కిలోమీటరు దాకా గాల్లో తేలినట్టే ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్లు చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ ఆమె ఛాతీ మీది నంబరు కూడబలుక్కుని చదివి, “మూడొందల పన్నెండూ, పద తల్లీ” అంది.

ముప్పై మూడో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది. రోడ్డు అంచున కూలబడింది.

వెనక్కి చూస్తే ఒకే ఒక్క మనిషి. అరవై దాటి ఉంటాయి, బక్కపలచగా ఉన్నాడు. తీరిగ్గా పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. ఆయన వెనక నత్తనడకన ఒక వ్యాను.

నాకంటే వెనకబడినవాడు ఒకడున్నాడు అనుకోగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఆమెకు ఒక్క అడుగు వెనకే ఆగాడు. వంగి, బూటు లేసు విప్పి, మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు.

“మీరు వెళ్లండి బాబాయ్. నా కోసం ఆగకండి.”

“నీ కోసం కాదమ్మా, లేసు కోసం.”

రెండో బూటు లేసు కూడా విప్పాడు.

“కాలు చాపు. వేళ్లు నీవైపు లాక్కో. ఇంకాస్త. ఆఁ, అంతే.”

పిక్క వదిలింది. ఆమె లేచింది. ఆయనా లేచాడు. ఒక్క అడుగు వెనకే.

“మీ నంబరేది బాబాయ్? ఊడిపోయిందా? నా దగ్గర పిన్నీసులున్నాయి.”

“నాకివ్వలేదమ్మా.”

పాపం, ఆలస్యంగా పేరిచ్చి ఉంటాడనుకుంది. పొట్లం విప్పి రెండు ఖర్జూరాలు చేతిలో పెట్టింది. “తినండి. కళ్లు తిరిగి పడతారు.”

బుద్ధిగా తిన్నాడు.

“మీ చొక్కా అంచు ఊడింది, చూసుకున్నారా? మా కొట్టుకు రండి, ఊరికే కుట్టిపెడతాను.”

“ముందు నువ్వు కొట్టు దాకా చేరాలిగా. పద.”

ఆమె నెమ్మదించినప్పుడల్లా ఆయన అడుగుల చప్పుడు మడమల దాకా వచ్చేది. రోషం పొడుచుకొచ్చేది.

“మీరు నన్ను దాటారంటే మా వీధిలో తలెత్తుకోలేను బాబాయ్.”

“అయితే దాటనివ్వకు.”

మరో మూడుసార్లు ఆమె నిలబడిపోయింది. మూడుసార్లూ ఆయన లేసు ఊడింది.

“మంచి లేసులు కొనుక్కోకూడదూ?”

“కొనాలమ్మా. ప్రతి ఏడూ అనుకుంటాను.”

నలభయ్యో కిలోమీటరు దాటాక ఆమెకే జాలేసింది. “ఇంకొంచెమే బాబాయ్. నాతో రండి, నేను లాక్కుపోతాను.”

“అలాగే తల్లీ. లాక్కుపో.”

చివరి మలుపు తిరిగేసరికి పెద్ద గడియారం కనపడింది. ఆరు గంటల ఇరవై ఆరు నిమిషాలు. ఆమె నవ్వుతూ, ముక్కు ఎగబీలుస్తూ గీత దాటింది. ఆమెకివ్వాల్సిన నీళ్లు భర్త తన నెత్తిన పోసుకుని గంతులేశాడు. మెడలో పతకం పడింది.

వెనక్కి తిరిగింది. బాబాయి గీత ఇంకా పది అడుగులుందనగా ఆగిపోయాడు. వ్యాను డ్రైవరుతో ఏదో మాట్లాడుతున్నాడు.

“రండి బాబాయ్, ఇంకా టైముంది.”

ఆయన చెయ్యి ఊపాడు.

ఆమె కుంటుకుంటూ పతకాల బల్ల దగ్గరికి వెళ్లింది.

“ఆయనకూ ఒకటివ్వండమ్మా. పాపం, నంబరు కూడా ఇవ్వలేదట. దారంతా నేనే లాక్కొచ్చాను.”

బల్ల దగ్గరమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. “ఆయన పోటీలో లేరండీ. చివర పరిగెత్తడమే ఆయన పని. ఆయన ఎవరిని దాటితే వాళ్లను వ్యాను ఎక్కించేస్తాం. నిన్న మైకులో చెప్పాం కదా.”

“నేను నాలుగుసార్లు ఆగిపోయాను. దాటలేదే?”

“లేసు కట్టుకుంటూ కూర్చుని ఉంటారు. ఎన్నిసార్లు కట్టుకోవచ్చో నిబంధనల్లో రాయలేదు లెండి.”

ఆమె గిరుక్కున తిరిగింది. వ్యాను లేదు. బాబాయీ లేడు. ఇద్దరు మనుషులు దారికి కట్టిన తాళ్లు చుట్టేస్తున్నారు.

మీరెప్పుడైనా పరుగు చూడటానికి వెళితే, మొదట వచ్చినవాళ్ల పేర్లు ఎలాగూ మైకులో వినపడతాయి. జనం వెళ్లిపోయాక నంబరు లేకుండా వచ్చే ఆ ఆఖరి మనిషిని మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి. పన్నెండేళ్లుగా నలభై రెండు కిలోమీటర్లూ పరిగెత్తి, ఎవరో ఒకరిని గీత దాటించి, తాను మాత్రం ఒక్కసారీ దాటకుండా ఇంటికి వెళ్లిపోతున్నాడు ఆయన.